పికప్ పెరగాలి, మైలేజీ తగ్గకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

పికప్ కావాలంటే మైలేజీ వదులుకోక తప్పదన్న మాటలో సగమే నిజం ఉంది. కొన్నేళ్లు తిరిగిన కారులో ఈ రెండూ తగ్గడానికి చాలాసార్లు కారణం ఒక్కటే. ఎక్కడో ఏదో పట్టేస్తుంది, గాలి లీకవుతుంది, లేదా ఒక సెన్సర్ తప్పుడు లెక్క చెబుతుంది. దాన్ని సరిచేస్తే పికప్, మైలేజీ రెండూ కలిసే తిరిగొస్తాయి. అందుకే ఈ జవాబులు కొత్త సామాను కొనడంతో కాకుండా ఉన్నదాన్ని పరీక్షించడంతో మొదలవుతాయి.

రెండూ ఒకేసారి పెరగడం సాధ్యమేనా?

సాధ్యమే, అయితే దానికి హద్దుంది. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాలదాకా చేరేది నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మిగతాది సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వేడిగా పోతుంది. కొంత ఇంజిన్ లోపలి రాపిడికి, గాలిని లోపలికి లాక్కోవడానికి ఖర్చవుతుంది. ఈ నష్టాల్లో దేన్ని తగ్గించినా పికప్‌కూ మైలేజీకీ లాభమే. ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం పంపి శక్తి పెంచడం దీనికి భిన్నమైన పని. అలా వచ్చిన శక్తిని వాడుకున్నప్పుడల్లా ఇంధనం ఖర్చవుతుంది, వాడనప్పుడు పెద్ద తేడా ఉండదు. ఏ మార్పు చేసేముందైనా అది ఈ రెంటిలో ఏ కోవలోదో తెలుసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మార్పు వల్ల లాభం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

డ్యాష్‌బోర్డు చూపించే సగటు మైలేజీని నమ్మి నిర్ణయాలు తీసుకోకండి. చాలా కార్లలో అది అసలు కంటే కొన్ని శాతం ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు నింపి కొలవడమే నమ్మకమైన పద్ధతి. పంపు దానంతటదే ఆగేవరకు నింపించండి, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పోయించకండి. ట్రిప్ మీటరును సున్నా చేయండి. ట్యాంకు పావు వంతుకు వచ్చాక అదే పంపులో మళ్లీ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకు లెక్కలో పొరపాటుకు చాలా అవకాశం ఉంటుంది. వరుసగా మూడు ట్యాంకుల సగటు తీస్తేనే అది పనికొచ్చే అంకె.

పికప్‌ను 60 నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి పట్టే సెకన్లలో కొలవండి. ఖాళీగా, సమతలంగా ఉండి, ఆ వేగానికి అనుమతి ఉన్న రోడ్డు ఎంచుకోండి. గేరు ప్రతిసారీ ఒకటే ఉండాలి. పక్కన కూర్చున్నవారు స్పీడోమీటరును వీడియో తీస్తే సెకన్లు సులువుగా లెక్కపెట్టొచ్చు. గాలి వాలు, రోడ్డు వాలు ప్రభావం పోవాలంటే రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీయాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ప్లగ్గులు, ఫిల్టరు, ఆయిలు ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

టైర్లలో గాలికి అంత ప్రాముఖ్యం ఉందా?

ఉంది. పైగా ఇది ఖర్చు లేకుండా అయ్యే పని. నాలుగు టైర్ల సగటు గాలి 1 పీఎస్ఐ తగ్గితే మైలేజీ దాదాపు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. కానీ నెలల తరబడి చూడని టైర్లలో 8, 10 పీఎస్ఐ తగ్గి ఉండటం మామూలే. అలాంటి కారు కదలడానికే బరువుగా ఉంటుంది, మలుపుల్లో స్టీరింగు మందకొడిగా స్పందిస్తుంది.

ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద కనిపించే స్టిక్కరులో ఉంటుంది. టైరు గోడ మీద అచ్చయిన అంకె ఆ టైరుకు గరిష్ఠ హద్దు, అది మీ కారుకు చెప్పింది కాదు. కారు కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నడిచి వచ్చిన టైరులో ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే ఒకటి రెండు పీఎస్ఐలు దానంతటదే తగ్గుతుంది కాబట్టి రుతువు మారినప్పుడు తప్పక చూసుకోండి.

మైలేజీ కోసం స్టిక్కరులో ఉన్నదానికంటే బాగా ఎక్కువ నింపేవారున్నారు. అలా చేయొద్దు. టైరు మధ్యభాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే కారు ఆగే దూరం పెరుగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందా?

కార్బురేటర్ ఉన్న పాత కార్లలో పెరుగుతుంది. ఇంజెక్షన్ కార్లలో పెద్దగా పెరగదు. ఎందుకంటే లోపలికి ఎంత గాలి వచ్చిందో సెన్సర్ కొలిచి, దానికి సరిపడా ఇంధనాన్నే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) పంపిస్తుంది. పికప్ మాత్రం తప్పకుండా మెరుగవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మూసుకుపోయిన ఫిల్టరు గాలిని అడ్డుకుంటుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకు మాన్యువల్‌లో చెప్పిన గడువు కంటే ముందే మార్చండి. కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ వాడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి, దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. అయినా కారు బద్ధకంగా ఉంది, మైలేజీ కూడా పడిపోయింది. ఏం చూడాలి?

ఒక లోపం హద్దు దాటితేనే ఆ లైటు వెలుగుతుంది. హద్దుకు కాస్త ఇవతల ఉన్న లోపం నెలల తరబడి ఇంధనం తాగుతూనే ఉంటుంది. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్‌ను పరీక్షించడానికి ఇచ్చిన ప్లగ్ పాయింటు) చిన్న స్కానర్ తగిలించి, ఫోనులో లైవ్ డేటా చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక మూడు సంగతులు చూడాలి.

మొదట చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. తన లెక్కకు మించి కంప్యూటర్ ఎంత ఇంధనం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే శాతం ఇది. దీర్ఘకాలిక ట్రిమ్ సున్నాకు 5 శాతం అటూ ఇటూ ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 10 దాటితే వెతకడం మొదలుపెట్టాలి. ఐడిలింగ్‌లో (కారు ఆగి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు) ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మామూలుకు వచ్చేస్తోందా? అయితే ఇన్‌టేక్ వైపు ఏదో గొట్టం పగిలి, సెన్సర్ లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. ఐడిలింగ్‌లో బాగుండి, ఇంజిన్ మీద భారం (లోడు) పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతోందా? అప్పుడు ఇంధన ఒత్తిడి చాలడం లేదు, లేదా గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పట్టింది. ఆ సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో మాత్రమే కడగాలి. లోపలి సన్నటి తీగను వేలితోగానీ దూదితోగానీ తాకకూడదు. కార్బురేటర్ క్లీనర్ కొడితే సెన్సర్ పాడవుతుంది. పూర్తిగా ఆరాకే తిరిగి బిగించండి.

తర్వాత కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఉష్ణోగ్రత. ఎక్కువ ఇంజిన్లు 85 నుంచి 105 డిగ్రీల మధ్య నడుస్తాయి. అరగంట తిరిగినా 70 దాటకపోతే ఆ ద్రవాన్ని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయినట్టే. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ అదనపు ఇంధనం పోస్తూనే ఉంటుంది. చౌకైన భాగమే, కానీ మైలేజీ మీద దాని దెబ్బ పెద్దది. స్కానర్‌లో పీ0128 అనే లోపం కోడ్ వచ్చేది దీనికే.

మూడోది ఎగ్జాస్ట్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ముందు ఉండే పాత రకం సెన్సర్ వోల్టేజీ సుమారు 0.1 నుంచి 0.9 మధ్య చకచకా పైకీ కిందకీ ఊగుతూ ఉండాలి. బద్ధకంగా కదిలినా, ఒకేచోట నిలిచిపోయినా అనుమానించాలి. ఈ సెన్సర్ పూర్తిగా చెడిన కారును బాగుచేస్తే మైలేజీ 40 శాతం దాకా పెరగవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. అయితే కోడ్ రాగానే సెన్సర్ మార్చేయకండి. దానికి ముందు ఎగ్జాస్ట్ జాయింటులో లీకు ఉంటే మంచి సెన్సర్ కూడా తప్పే చెబుతుంది.

స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చాలి? ఇరిడియం వేస్తే శక్తి పెరుగుతుందా?

ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో మామూలు ప్లగ్గు తీసి ఇరిడియం ప్లగ్గు వేస్తే శక్తి పెరగదు. మన్నిక పెరుగుతుంది. మామూలు నికెల్ ప్లగ్గు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు పనిచేస్తే, ఇరిడియం ప్లగ్గు చాలా కార్లలో లక్ష దాకా వస్తుంది.

అరిగిన ప్లగ్గు మాత్రం రెండు వైపులా నష్టమే. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ పెరిగిపోయి, లోడులో నిప్పురవ్వ తప్పిపోతుంది. మండని ఇంధనంతోపాటు వాడకంలోకి రాని ఆక్సిజన్ కూడా ఎగ్జాస్ట్‌లోకి వెళుతుంది. ఆ ఆక్సిజన్‌ను చూసిన సెన్సర్ మిశ్రమం పలచగా (ఇంధనం తక్కువగా) ఉందనుకుంటుంది, దాంతో కంప్యూటర్ ఇంకా ఇంధనం పంపుతుంది. అదంతా వెళ్లి కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. ఒక్క ప్లగ్గు తప్పినందుకు ఇంత నష్టం జరుగుతుంది.

ఇంజిన్ చల్లారాకే ప్లగ్గులు విప్పండి. కొత్తవాటిని ముందు చేత్తోనే మర సరిగ్గా పట్టేదాకా తిప్పి, తర్వాత టార్క్ రెంచితో బిగించండి. అల్యూమినియం హెడ్‌లో వాషరున్న 14 మి.మీ. ప్లగ్గుకు 25 నుంచి 30, 12 మి.మీ. ప్లగ్గుకు 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మీ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. పూత ఉన్న ప్లగ్గుల మరలకు గ్రీజు రాయకండి. రాస్తే అదే టార్క్‌కు అవసరానికి మించి బిగుసుకుని హెడ్ మర చెడుతుంది. ఖాళీ ఎంతుండాలో కూడా మాన్యువలే చెప్పాలి. టర్బో ఇంజిన్లకు తక్కువ ఉంటుంది.

బ్రేకు పట్టేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

సమతలంగా ఉన్న చోట న్యూట్రల్‌లో పెట్టి వదిలితే కారు సులువుగా దొర్లాలి. ఇంకా కచ్చితంగా కావాలంటే, బ్రేకు పెద్దగా వాడకుండా ఓ పది కిలోమీటర్లు నడిపి వచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు డిస్కుల వేడి చూడండి. ముందు రెంటినీ ఒకదానితో ఒకటి, వెనక రెంటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒకటి బాగా ఎక్కువ ఉంటే అక్కడ ప్యాడు వదలడం లేదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోవడమో, తుప్పు పట్టడమో దీనికి మామూలు కారణం. వెనక చక్రాలైతే హ్యాండ్‌బ్రేకు కేబుల్ చూడండి. ఆ పిన్నులకు బ్రేకు గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.

వీల్ అలైన్‌మెంట్‌లో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినా ఇంజిన్ మీద ఇలాంటి భారమే పడుతుంది. టైరు ఒక అంచే రంపంలా అరుగుతుంటే అదే గుర్తు.

ఏ ఇంజిన్ ఆయిల్ వాడాలి?

మాన్యువల్ చెప్పిన గ్రేడు. చిక్కటి ఆయిల్ ఇంజిన్‌ను కాపాడుతుందని 5డబ్ల్యూ-30 బదులు చిక్కటిది పోస్తే ఒకటి రెండు శాతం మైలేజీ పోతుంది. గ్రేడుతోపాటు మాన్యువల్ చెప్పిన నాణ్యతా ప్రమాణం కూడా సరిపోవాలి. డిప్‌స్టిక్ పై గీత దాటి పోస్తే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. దాంతో శక్తి తగ్గుతుంది, ఆయిల్ ఒత్తిడీ పడిపోతుంది.

ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు పోస్తే?

ఆక్టేన్ అనేది నాకింగ్‌ను (ఇంధనం అదుపు తప్పి దానంతటదే మండి టకటకమనడం) తట్టుకునే గుణానికి కొలత. దానికీ ఇంధనంలో ఉన్న శక్తికీ సంబంధం లేదు. మామూలు పెట్రోలుకు తయారైన ఇంజిన్‌లో ఖరీదైన పెట్రోలు పోస్తే ఖర్చే పెరుగుతుంది. టర్బో ఉన్నవి, కంప్రెషన్ ఎక్కువున్నవి మాత్రం వేరు. వాటికి కంపెనీ ఎక్కువ ఆక్టేన్ సూచించి ఉంటే, తక్కువది పోసినప్పుడు నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టగానే కంప్యూటర్ నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. అప్పుడు పికప్, మైలేజీ రెండూ తగ్గుతాయి.

ఇథనాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం కలిపిన పెట్రోలుతో మైలేజీ సుమారు 3 శాతం తగ్గడం సహజం. దాన్ని ఇంజిన్ లోపమనుకుని భాగాలు మార్చకండి.

ఇంజెక్టర్ క్లీనర్ సీసాలు పనిచేస్తాయా?

పాలీఈథర్‌అమీన్ అనే రసాయనం ఉన్నవి ఇంజెక్టర్ల మీది పేరుకుపోయిన మడ్డిని నిజంగానే తొలగిస్తాయి. ట్యాంకు నింపేముందు పోసి, ఆ ట్యాంకు అయిపోయేదాకా నడపాలి. ముందే శుభ్రంగా ఉన్న ఇంజిన్‌లో తేడా కనిపించదు. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే కార్బన్‌కు మాత్రం ఈ సీసా పనికిరాదు. అక్కడ ఇంధనం వాల్వును తాకనే తాకదు. సిలిండర్లకు గాలి తెచ్చే మ్యానిఫోల్డు విప్పి, అక్రోటు పెంకుల పొడిని ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయించాల్సిందే.

పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించుకోవచ్చా?

పికప్, మైలేజీ కావాలనుకునేవారు ఈ జోలికి పోకపోవడమే మంచిది. చక్రం తిరిగే భాగం. దాని అంచు దగ్గర పెరిగిన ప్రతి కిలోను ముందుకు నెట్టడంతోపాటు తిప్పడానికి కూడా ఇంజిన్ శక్తి పెట్టాలి. వెడల్పు టైరు గాలిని ఎక్కువ అడ్డుకుంటుంది. మార్చాలనుకుంటే కంపెనీ సైజులోనే తేలికైన చక్రాలు తీసుకోండి, రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు కలిగించే అడ్డగింపు) తక్కువున్న టైర్లు వేయించండి. ఐరోపా టైరు లేబుల్ మీద ఇంధనానికి, తడి రోడ్డు పట్టుకు విడివిడిగా ఏ నుంచి ఈ వరకు అక్షరాలుంటాయి. మొదటిదొక్కటే చూసి కొనకండి.

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, ఫ్రీఫ్లో ఎగ్జాస్ట్ ఉపయోగపడతాయా?

మొదటిది చల్లటి గాలిని లోపలికి తెచ్చే ఏర్పాటు, రెండోది పొగ సులువుగా పోయే ఎగ్జాస్ట్. టర్బో లేని చిన్న ఇంజిన్‌లో శబ్దమే ఎక్కువ, లాభం తక్కువ. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు ఒక శాతం తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి బానెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టరు బిగిస్తే, అది ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది. ట్రాఫిక్‌లో పికప్ అంతకుముందుకంటే తగ్గుతుంది. అవసరానికి మించి లావైన ఎగ్జాస్ట్ గొట్టం వేస్తే పొగ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలలో లాగే శక్తి పోతుంది. ఊళ్లో తిరిగే కారుకు కావాల్సింది సరిగ్గా ఆ శక్తే. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం చాలా దేశాల్లో నేరం. ఊపిరి పీల్చే ప్రతి ఒక్కరికీ అది హాని.

డీజిల్ కారులో ఏవి ముందు చూడాలి?

పికప్ తగ్గి నల్లపొగ వస్తుంటే టర్బో నుంచి దాని గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు వెళ్లే గొట్టాలన్నీ తడిమి చూడండి. క్లిప్పు వదులైనా, గొట్టానికి చీలిక వచ్చినా టర్బో నింపిన గాలి బయటికి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, జాయింటు దగ్గర నూనె తడి దీనికి గుర్తులు. తర్వాత డీజిల్ ఫిల్టరు మార్చండి, అందులో చేరిన నీళ్లు తీయండి. కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న కారును రోజూ నాలుగైదు కిలోమీటర్లే నడిపితే ఫిల్టరులో మసి కాలదు. కంప్యూటర్ అదనపు డీజిల్ పోసి పదేపదే కాల్చబోతుంది, మధ్యలో మీరు ఇంజిన్ ఆపేస్తారు. మైలేజీ అలా కరిగిపోతుంది. అప్పుడప్పుడు అరగంటపాటు హైవే మీద నిలకడైన వేగంతో నడపడమే దీనికి మందు.

మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితేనే మైలేజీ వస్తుందా?

మరీ మెల్లగా తొక్కడం కూడా మంచిది కాదు. పెట్రోలు ఇంజిన్‌లో థ్రాటిల్ కొద్దిగానే తెరుచుకుంటే గాలిని లాక్కోవడానికే శక్తి వృథా అవుతుంది. కాబట్టి సగానికి కాస్త ఎక్కువే తొక్కి, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య పై గేరుకు మారి, కావాల్సిన వేగం రాగానే కాలు తేలిక చేయండి. ముందున్న వాహనానికి దగ్గరగా వెళ్లి బ్రేకు తొక్కితే ఆ ఇంధనమంతా బ్రేకు వేడిగా పోతుంది. మైలేజీని బాగా తినేసే అలవాటిది.

దిగుడులో న్యూట్రల్ వేయకండి. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగిపోతాయి. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కు ఇంధనం కావాలి, పైగా ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు.

వేగం సంగతికొస్తే, గాలి అడ్డగింపు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళితే అది 56 శాతం ఎక్కువ, దాన్ని దాటడానికి కావాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. పైన ఖాళీ క్యారియర్ ఉంటే విప్పేయండి. డిక్కీలో 45 కిలోల బరువు తీసేస్తే సుమారు ఒక శాతం మిగులుతుంది, చిన్న కారులో ఇంకాస్త ఎక్కువ.

ఇంధన పైపుకు తగిలించే అయస్కాంతాలు, సాకెట్‌లో పెట్టే 'సేవర్' పరికరాలు?

కొనకండి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. మైలేజీ కాస్తయినా పెంచినవి చాలా కొద్ది, వాటిలోనూ కొన్ని పొగ కాలుష్యాన్ని పెంచాయి.

ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే మైలేజీ తగ్గుతుందా?

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫైలును మార్చి రాయడం. టర్బో ఇంజిన్‌కు మంచి రీమ్యాప్ చేస్తే శక్తి మామూలుగా 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. టర్బో లేనిదానికి 5 నుంచి 10 శాతమే. దానికోసం రీమ్యాప్ అవసరం లేదన్నది మా అభిప్రాయం. టర్బో డీజిల్‌లో కింది ఆర్‌పీఎంలలోనే టార్క్ (లాగే శక్తి) పెరుగుతుంది కాబట్టి ముందుగా పై గేరుకు మారవచ్చు. అలా నడిపేవారికి మైలేజీ తగ్గదు, కొందరికి కాస్త పెరుగుతుంది కూడా. పెరిగిన శక్తిని రోజూ వాడుకునేవారికి మాత్రం తగ్గి తీరుతుంది.

చేయించేముందు పైన చెప్పిన పరీక్షలన్నీ పూర్తి కావాలి. లోపమున్న ఇంజిన్‌కు రీమ్యాప్ చేస్తే ఆ లోపం త్వరగా పెద్దదవుతుంది. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షలో వాటి మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటకూడదు. క్లచ్ కూడా చూడండి. పై గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఎగిరితే అది అప్పటికే జారుతోంది, కొత్త టార్క్‌ను అసలు మోయలేదు. అసలు ఫైలు కాపీ మీకివ్వమని అడగండి. మీ కారు డేటా లాగ్ చూడకుండా రెడీమేడ్ ఫైలు ఎక్కించేవారి దగ్గర చేయించకండి. వారంటీ పోవచ్చు, బీమా సంస్థకు చెప్పాల్సి రావచ్చు. ఈ రెండూ ముందే కనుక్కోండి.

రీమ్యాప్ తర్వాత ఏం గమనించాలి?

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు ఇంజిన్లను 2,000 ఆర్‌పీఎం లోపు పై గేరులో పూర్తిగా తొక్కకండి. ఆ స్థితిలో ఇంధనం నిప్పురవ్వకు ముందే మండి పిస్టన్‌నే పగలగొట్టగలదు. మాన్యువల్ అనుమతిస్తే డబ్బా మీద ఏపీఐ ఎస్పీ (అమెరికా పెట్రోలియం సంస్థ నాణ్యతా ప్రమాణం) అని ఉన్న ఆయిల్ వాడండి, ఈ ముప్పు తగ్గించేలా తయారైనదది. ఆయిల్ మార్చే గడువును కుదించండి. ట్యూనర్ ఏ ఆక్టేన్‌కు ఫైలు రాశారో అదే పెట్రోలు ఎప్పుడూ పోయించండి. లోడులో టకటకమనే శబ్దం వినిపించినా, ఎప్పుడూ లేని పొగ కనిపించినా, ఆయిల్ మట్టం త్వరగా పడిపోతున్నా కారును తీసుకెళ్లి అసలు ఫైలు తిరిగి ఎక్కించండి. కారణం వెతకడం ఆ తర్వాత.